మేనేజరు కళ్ళున్న పులి

మా మేనత్త నలభై ఏళ్ళ పాటు ఒకే పులి బొమ్మ వేసింది. వాగు దాటుతున్న పులి, దెబ్బ తగిలి పొదలో దాక్కున్న పులి, తెప్ప మీద పాప పక్కన ముడుచుకుని కూర్చున్న పులి. అన్నీ కలిపి ఆరు పుస్తకాలు. ఆ నలభై ఏళ్ళలో ఒక్క పులినైనా కళ్ళారా చూసిన పాపాన పోలేదు. నవ్వొస్తే నవ్వండి, ఆవిడ ఏమీ అనుకోదు. నేనే అనుకుంటాను గానీ, నా కోపం ఎవరికి పట్టింది గనక.

నేను పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలు చదివే సాహస కథలు, జంతువుల కథలు మా దగ్గర ఎక్కువ. తోడేళ్ళు, నీటికుక్కలు, ఏనుగులు ఏవి వచ్చినా బాగానే పోతాయి గానీ, చిరుగుచెవి అనే పులి కథల ముందు అవన్నీ దిగదుడుపే. చెవి చిరిగిన ఆ పులి, తండ్రిని వెతుక్కుంటూ నది వెంట బయలుదేరిన ఒక పాపకు తోడుగా వెళ్తుంది. ఆరు పుస్తకాలలో కథ అంతే. రాసినాయన పోస్టాఫీసు గుమాస్తా, ఇప్పుడు లేడు. ఆయనకు వీధికుక్కంటేనే హడల్. బొమ్మలు మా అత్తవి. అడవి మొహం ఎరగని ఇద్దరు కలిసి అంత అడవిని పుట్టించారన్న సంగతి చదివిన ఏ పిల్లకీ తెలియదు.

అత్త ఎక్కడికీ వెళ్ళకపోవడానికి కారణం ఉంది. ఆవిడకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు మా నాయనమ్మ మెట్ల మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకుంది. తరవాత పంతొమ్మిదేళ్ళు మంచం దిగలేదు. తన పెళ్ళి మాట ఎవరెత్తినా అత్తే కొట్టిపారేసింది. మంచానికి ఆనించి ఒక బల్ల వేసుకుంది. నాయనమ్మ చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని బొమ్మలు వేసింది. గదికి ఒకటే కిటికీ, తూర్పు వైపుకి. అడవికి కావలసిన సరుకంతా ఆ కిటికీలోంచే తెచ్చుకునేది. మురుగుకాలువ పక్కన మొలిచిన గడ్డిని భూతద్దంలో చూసి వెదురుపొద వేసేది. వాన పడితే వీధిలో పారే నీళ్ళు నది అయ్యేవి. ఎదురింటి ప్రహరీ మీది బీటలు కొండచరియలయ్యాయి. పులి ఒక్కటే ఆ వీధిలో దొరకలేదు.

పులి కోసం మా సంస్థ పెద్దాయన ఒక కేలండరు కాగితం పంపించాడు. అందులో మంచి పులే ఉంది గానీ, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి హాయిగా నిద్రపోతోంది. చారలు, పంజా, తోక, మూతి అన్నీ అత్త అందులోంచే నేర్చుకుంది. కళ్ళు మాత్రం మూసి ఉన్నాయి. మరి కళ్ళెక్కడివి? మేనేజరువి.

మేనేజరంటే పిల్లి. బూడిద రంగు మీద నల్లచారలు. పొద్దున్నే గోడ దూకి వచ్చి కిటికీ గట్టు మీద కూర్చుని, తాను పని చెయ్యకుండా మిగతావాళ్ళు చేస్తున్నారా లేదా అని చూస్తూ ఉండేది. ఆ పేరు పెట్టింది నాయనమ్మే. అది పోయాక ఇంకో చారల పిల్లి వచ్చింది, దాని పేరూ మేనేజరే. ఇప్పుడున్నది మూడోది. "పోస్టు ఖాళీగా ఉంచకూడదే" అంటుంది అత్త.

అత్త పగటి వెలుగులో తప్ప కుంచె పట్టుకునేది కాదు. ఎండ కిటికీ గట్టు మీద పడే వేళకు మేనేజరు కనుపాపలు సన్నబడి నిలువు గీతలయ్యేవి. అత్త ఆ గీతనే పులికి వేసింది. నాలుగు వెంట్రుకలున్న కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒకే ఒక్క గీత. ఆ గీత వేసేటప్పుడు ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. చిన్నప్పుడు నేను ఒకసారి తుమ్మి తన్నులు తిన్నాను. గీత పడగానే అప్పటిదాకా చారల బొంతలా పడున్న బొమ్మ లేచి మన వంక చూసేది. పుస్తకం ఎటు తిప్పినా చూసేది. నేను రాత్రి నీళ్ళు తాగడానికి లేస్తే ముందు పుస్తకం బోర్లించి వెళ్ళేదాన్ని.

ఇంత చేస్తే పుస్తకం మీద ఆవిడ పేరు లేదు. మా పెద్దాయన కాలంలో అట్ట మీద రచయిత పేరొక్కటే వేసేవారు. లోపల ఒక మూల చిన్న అక్షరాల్లో 'బొమ్మలు: మా చిత్రకారులు' అని ఉండేది. మంచం పక్కన కూర్చున్న ఒక్క మనిషికి అంత బహువచనం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ ఏడు పెద్దాయన కూతురు, ఇప్పుడు మా మేడమ్, చిరుగుచెవి పుస్తకాలను పెద్ద సైజులో మళ్ళీ వేద్దామని నిర్ణయించింది. అత్త ట్రంకుపెట్టెలో దాచిన అసలు బొమ్మలనే తెచ్చి కొత్తగా స్కాన్ చేస్తారు. అట్ట మీద రచయిత పేరు కింద, అదే సైజులో, అత్త పేరు వేస్తారు. అట్ట నమూనా తీసుకెళ్ళి నేనే చూపించాను. అత్త కళ్ళజోడు తుడుచుకుని చూసింది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి.

"అక్షరాలు మరీ లావుగా ఉన్నాయి" అంది.

అంతే అంది. మర్నాడు వెళ్ళేసరికి ఆ అట్ట అద్దం పక్కన గోడకి అంటించి ఉంది. తల దువ్వుకుంటూ చూసుకోవడానికి వీలుగా.

ఆ వారమే ఉత్తరం వచ్చింది.

పిల్లలు రాసే ఉత్తరాలు మా ఆఫీసుకి వస్తాయి. ప్రతి ఆదివారం వాటిని అత్త ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించడం నా పని. అందుకని ముందే విప్పి చూస్తాను. ఇది గీతల కాగితం మీద, పెన్సిలుతో, గట్టిగా నొక్కి రాసిన ఉత్తరం.

"బొమ్మలు వేసిన అంకుల్ గారికి. మీ బొమ్మలు నాకు చాలా ఇష్టం. కానీ చిరుగుచెవికి మీరు పిల్లి కళ్ళు పెట్టారు. పులి కంట్లో నల్లది గుండ్రంగా ఉంటుంది. నిలువుగా ఉండదు. మా నాన్న జూలో పులికి తిండి పెడతారు. మేము జూ క్వార్టర్స్‌లోనే ఉంటాము. నేను రోజూ చూస్తాను. ఎండలో కూడా గుండ్రమే. దయచేసి మార్చండి."

మొదట నాకు ఒళ్ళు మండింది. వేలెడంత పిల్ల మా అత్తకు పాఠం చెబుతుందా అనుకున్నాను. తరవాత పులి ఫోటోలు వెతికాను. ఒకటి, రెండు, పది. అన్నిటికీ గుండ్రమే. పన్నెండేళ్ళుగా ఆ పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. కామా జారితే పట్టుకున్నాను, దీర్ఘం ఎగిరిపోతే పట్టుకున్నాను, ప్రతి పేజీలో నా వంకే చూస్తున్న తప్పును మాత్రం పట్టుకోలేదు. ఉత్తరాన్ని నిఘంటువు కింద దాచేశాను.

మేడమ్‌తో మాత్రం చెప్పాను. "పదే రోజుల్లో స్కానింగు. ఇప్పుడేం చేస్తాం?" అంటూ ఆవిడ తల పట్టుకుంది. మా డిజైనరు కంప్యూటరులో ఒక గుండ్రటి కనుపాప తయారు చేసి ఒక బొమ్మ మీద అతికించాడు. చిరుగుచెవి మొహం మీద రెండు కోటు గుండీలు కుట్టినట్టయింది. అతనే దాన్ని చెరిపేశాడు.

"ఉన్నదున్నట్టు వేసేద్దాం. పిల్లలు అంతగా గమనించరు" అంది మేడమ్.

"గమనించిన పిల్లే కదా మేడమ్ రాసింది" అన్నాను. కానీ అత్త మొహం గుర్తొచ్చి, నేనూ సరేనన్నాను.

ఆదివారం ఖాళీ చేతులతో వెళ్ళాను.

"ఉత్తరాలేవే?"

"ఈ వారం ఏమీ రాలేదత్తా."

"బళ్ళకి సెలవులిచ్చి రెండు వారాలైంది. సెలవుల్లో ఒక్కటీ రాకపోవడం నేనెప్పుడూ ఎరగను" అని చెయ్యి చాపింది. "తియ్యి."

అబద్ధం ఆడటంలో నాకు ఓనమాలు కూడా రావు. ఆఫీసులో ఎవరైనా చూస్తారని నిఘంటువు కింది నుంచి తీసిన ఉత్తరం సంచీలోనే ఉంది. తీసి ఇచ్చాను.

అత్త చదివింది. "అంకుల్‌నట!" అని ముందు నవ్వింది. తరవాత లేచి, గట్టు మీద కునుకు తీస్తున్న మేనేజరును ఎత్తుకుని ఎండలోకి తిప్పి, దాని కళ్ళలోకి చూసింది. మేనేజరుకి ఈ తనిఖీ నచ్చలేదు, గింజుకుని గోడ దూకేసింది. అత్త మంచం మీద కూర్చుంది. ఒకప్పుడు నాయనమ్మ పడుకున్న మంచం అది.

"నాకు అనుమానం ఉండేదే" అంది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. అమ్మ పోయి ఇరవై మూడేళ్ళయింది. రెండు బస్సులు మారితే జూ. ఎందుకు వెళ్ళలేదనుకున్నావు?"

"తీరిక దొరక్క..."

"తీరికా నా మొహమా! భయమే. తీరా వెళ్ళి చూశాక, నేను వేసింది పులే కాదని తేలితే? పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఊరు దాటింది లేదు. ఆ ఒక్క పులేగా నాకున్నది. అది కూడా కాదంటే ఇంకేం మిగులుతుంది?"

 ఆవిడ అద్దం దగ్గరికి వెళ్ళి, గోడ మీది అట్టను గోరుతో నెమ్మదిగా ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"నా పేరు తీసేయమను."

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. "నలభై ఏళ్ళు పేరు లేకుండా చాకిరీ చేశావు. ఇప్పుడు ఆ పేరే ఇంటికి నడిచొస్తే గెంటేస్తావా?"

"పిల్లలకి పిల్లిని చూపించి పులి అన్నదాన్ని. పైగా పేరొకటా?"

"చూడకుండానే తీర్పు చెప్పేస్తావేంటి? ముందు ఆ పులి మొహం చూడు. అప్పుడు నీ ఇష్టం. రేపే వెళ్దాం."

ఇద్దరం కాసేపు మూతులు ముడుచుకుని కూర్చున్నాం. చివరికి అత్తే అంది, "బస్సులో కిటికీ పక్క సీటు నాది" అని.

ఉత్తరం మీది చిరునామా పట్టుకుని మర్నాడు జూ క్వార్టర్స్‌కి వెళ్ళాం. తలుపు తీసింది ఆ పిల్లే. రెండు జడలు, మోకాలి మీద ఎండిన దెబ్బ, చేతిలో చిరుగుచెవి మూడో పుస్తకం. నేను సంగతి చెప్పగానే అత్తను పైనుంచి కింది దాకా చూసింది.

"మీరు అంకుల్ కాదా?"

"కాదు తల్లీ. అదొక తప్పు. ఇంకెన్ని తప్పులున్నాయో ఇవాళే చెప్పెయ్, ఒక పనైపోతుంది" అంది అత్త.

పిల్ల సిగ్గుపడలేదు సరికదా, దారి పొడుగునా వేళ్ళు మడిచి లెక్కచెప్పింది. చెవుల వెనక తెల్లమచ్చ లేదట. తోక కొస సన్నగా ఉందట. మీసాలు మాత్రం బాగున్నాయట. అత్త ప్రతిదానికీ బుద్ధిగా తలూపింది.

పులి ఆవరణ దగ్గరికి వెళ్ళి చూస్తే ఏముంది? బండ నీడలో, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని పడుకుంది. అచ్చం కేలండరులో ఉన్నట్టే. అత్తకు నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, బెంచీ మీద కూలబడి, "నలభై ఏళ్ళయినా దీని నిద్ర తీరలేదే!" అంది.

గంటన్నర కూర్చున్నాం. ఎండ మా కాళ్ళ దాకా వచ్చింది. చివరికి పిల్ల నాన్న లోపలెక్కడో ఇనప బకెట్ కింద పెట్టాడు. ఆ చప్పుడుకి పులి కళ్ళు తెరిచింది.

అత్త లేచి కమ్మీ దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. పులి లేచి, ఒళ్ళు విరుచుకుని, మా ముందు నుంచే నడుచుకుంటూ పోయింది. పసుపుపచ్చ కళ్ళు, మధ్యలో చిన్న నల్లటి గుండ్రం. నిట్టనిలువు ఎండలో కూడా గుండ్రమే. పిల్ల రాసింది అక్షరాలా నిజం. ఆ కళ్ళు మా మీదుగా వెళ్ళాయి గానీ మా దగ్గర ఆగలేదు. మేం అక్కడ లేనట్టే, గోడలాగో గాలిలాగో ఉన్నట్టు చూసి, బకెట్ వైపు పోయింది.

"నా వంక చూడనేలేదే" అంది అత్త. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"అది ఎవర్నీ చూడదు అమ్మమ్మా" అంది పిల్ల. "నేను పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నానా, నన్ను కూడా చూడదు. మా నాన్న రోజూ తిండి పెడతారా, ఆయన్నీ చూడదు. బకెట్‌నే చూస్తుంది."

చేతిలోని పుస్తకం తెరిచింది.

"చిరుగుచెవి మాత్రం చూస్తుంది. మంచం మీద పెట్టి నేను ఈ పక్కకెళ్ళినా చూస్తుంది, ఆ పక్కకెళ్ళినా చూస్తుంది. నన్ను చూసే పులి ఇదొక్కటే. మా క్లాసుకి తీసుకెళ్తే అందరూ ఇది పిల్లి అని ఎక్కిరించారు. నాకు ఏడుపొచ్చింది. అందుకే మీకు రాశా."

 నాకైతే నిఘంటువు కింద ఆ ఉత్తరం దాచిన నా చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది.

"కళ్ళు మారిస్తే చూడటం మానేస్తుందేమో తల్లీ" అంది అత్త. "ఆ చూపంతా ఆ గీతలోనే ఉంది."

పిల్ల ఈ సంగతి ఆలోచించినట్టు లేదు. పుస్తకాన్ని, పులిని మార్చి మార్చి చూసింది.

"అయితే... కొంచెం మార్చండి."

"కొంచెం గుండ్రం అంటూ ఉండదమ్మా. ఉంటే గుండ్రం, లేకపోతే లేదు." అత్త వంగి, పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ మూడో పుస్తకంలోని పులి మొహాన్ని నిమిరింది. "మార్చి తీసుకొస్తాను. చూస్తోందో లేదో నువ్వే చెప్పాలి. చూస్తోందంటే దాని మీద నా పేరు ఉంటుంది. చూడట్లేదంటే నా పేరు ఉండదు. సరేనా?"

పిల్ల న్యాయాధిపతిలా తలూపింది.

మేడమ్‌కి ఈ ఒప్పందం చెప్పేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "పదేళ్ళ పిల్ల ఒప్పుకుంటే గానీ పుస్తకం అచ్చు వెయ్యకూడదా?"

"మేడమ్, పుస్తకం మీ ఇష్టం అంది అత్త. ఆ పిల్ల ఒప్పుకుంటే గానీ తన పేరు వెయ్యొద్దంది."

స్కానింగుకి ఇంకా అయిదు రోజులే ఉన్నాయి. బతిమాలి ఇంకో నాలుగు రోజులు సంపాదించాను. సెలవు పెట్టి అత్త ఇంటికి చేరాను. ట్రంకుపెట్టె దింపి బొమ్మలన్నీ మంచం మీద పరిచాం. మొత్తం నూట నలభై మూడు. పులి లేనివి, పులి నిద్రపోతున్నవి, వెనక్కి తిరిగి ఉన్నవి తీసేయగా డెబ్బై అయిదు మిగిలాయి. పక్కనుంచి వేసిన వాటికి ఒక్కో కన్నే. అత్త కాగితం మీద రాసుకుంది: నూట ముప్పై ఒక్క కన్ను.

నా భయం ఇంకొకటి. అత్త చెయ్యి నాలుగేళ్ళుగా వణుకుతోంది. టీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. ఊపిరి బిగబట్టి గీసే ఆ సన్నగీత ఇప్పుడు వెయ్యమంటే వెయ్యలేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. నేను పైకి అనలేదు, ఆవిడే అంది.

"గీతకైతే చెయ్యి నిలవాలే. చుక్కకి అక్కర్లేదు. పైనుంచి దించితే చాలు."

లావుపాటి కుంచె తీసింది. సిరాలో ముంచి, ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కంటి గీత మీద నిటారుగా ఆనించి పైకెత్తింది. పాత గీత ఆ చుక్క కింద మొత్తంగా మునిగిపోయింది. రెండో కన్ను కూడా పెట్టింది. గుండ్రంగా వచ్చాయి, పులి కళ్ళే. కానీ పులి గుడ్డిదైపోయింది. రెండు కన్నాల్లోంచి చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

అత్త కుంచె కింద పెట్టేసి, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నేను టీ పెట్టి తెచ్చాను. ఆవిడ ముట్టుకోలేదు. "చూశావా, పోయింది" అంది. ఆ మాట విన్నప్పుడు ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పడేసి ఉంటే బాగుండేదనిపించింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అనిపించిన మాట నిజం.

పదింటికి ఎండ గట్టు మీదకి వచ్చింది. ఎండతో పాటు మేనేజరూ వచ్చింది. రెండ్రోజుల నాటి అవమానం మరిచిపోయినట్టుంది, మొహం సగం వీధి వైపు తిప్పి కూర్చుని, ఓరకంట పని తనిఖీ మొదలుపెట్టింది. అత్త ఊరికే దానివంక చూస్తూ ఉన్నదల్లా ముందుకు వంగింది.

"ఒసేయ్, ఇలా రా. దీని కంట్లో తెల్లగా ఏముంది?"

దగ్గరికెళ్ళి చూశాను. ఎదురింటి తెల్లగోడ, ఆవగింజంత, ఆ కంట్లో మెరుస్తోంది.

"మన వీధేనత్తా."

"అదీ! గీత వేసే రోజుల్లో గీత పక్కన ఆ కాస్త తెలుపు నాకు తెలియకుండానే వదిలేసేదాన్ని. ఇప్పుడు సిరా మొత్తం కప్పేసింది."

కుట్టుసూదిని ఒక పెన్సిలు కొసకి దారంతో కట్టించింది నా చేత. సిరా ఆరాక సూదిమొనతో చుక్కలో ఒక పక్కన మెల్లగా గీకింది. కింది కాగితం తెలుపు ఆవగింజంత పైకి తేలింది. రెండో కంట్లోనూ అదే పక్కన, అంతే. బొమ్మను కిటికీకి ఆనించి, ఇద్దరం వెనక్కి జరిగాం.

"చూస్తోందత్తా! నిజంగా చూస్తోంది."

"నీ సాక్ష్యం చెల్లదు. నువ్వు చిన్నప్పట్నుంచీ దానికి భయపడేదానివి. మొహం లేకపోయినా చూస్తోందంటావు."

అలా రోజుకి పద్దెనిమిది, ఇరవై కళ్ళు. పొద్దున్న వెలుగు వచ్చాక మొదలు, వెలుగు పోయేదాకా. ప్రతి పదిహేను నిమిషాలకీ చేతికి విశ్రాంతి. అయిదో రోజు సూది లోతుగా దిగి, తెప్ప మీద కూర్చున్న పులి కంట్లోంచి అవతలికి పోయింది. అది అత్తకి అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ. కన్నంలోంచి బల్ల కనిపిస్తోంది. అత్త ఏడ్చింది. వెక్కిళ్ళు పెట్టి కాదు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఊరికే ఏడ్చింది. ఆ రోజు మళ్ళీ కుంచె ముట్టలేదు. మర్నాడు వెనక వైపు నుంచి చిన్న తెల్లకాగితం ముక్క అంటించి, ఆరబెట్టి, మళ్ళీ చుక్క పెట్టింది. ఇప్పుడు కూడా పట్టుకు చూస్తే ఆ కన్ను మిగతా వాటి కన్నా కాస్త లోతుగా ఉంటుంది.

గడువు నాటికి నూట ముప్పై ఒకటీ అయ్యాయి. మా డిజైనరు బొమ్మలన్నీ స్కాన్ చేసి, మూడో పుస్తకాన్ని ఒక్క ప్రతి మాత్రం అచ్చు తీసి కుట్టించి ఇచ్చాడు. అట్ట మీద రచయిత పేరు ఉంది. దాని కింద ఖాళీ.

ఆ ఆదివారం మళ్ళీ రెండు బస్సులు. పులి ఆవరణ ముందు అదే బెంచీ. ఈసారి పులి మెలకువగానే ఉంది గానీ అత్త అటు కన్నెత్తి చూడలేదు. పుస్తకం పిల్ల చేతికిచ్చి, కొంచెం దూరంగా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. 

పిల్ల పుస్తకం చదవలేదు. చిరుగుచెవి మొహం పేజీ అంతా ఉన్న బొమ్మ తీసి బెంచీ మీద విప్పి నిలబెట్టింది. ఎడం వైపు పది అడుగులు వేసి చూసింది. కుడివైపు వెళ్ళి చూసింది. గొంతుక్కూర్చుని చూసింది. వాళ్ళ నాన్న బకెట్ పట్టుకుని వచ్చి, ఏం జరుగుతోందో అర్థం కాక మా పక్కన నిలబడిపోయాడు. పిల్ల చివరికి చెట్టు వెనక్కి వెళ్ళింది. ఒక కన్ను మాత్రం బయటపెట్టి తొంగి చూసింది. చాలాసేపు అలాగే ఉంది.

తరవాత నెమ్మదిగా నడిచి వచ్చి పుస్తకం మూసి, రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది.

"చెట్టెనక దాక్కున్నా చూసేస్తోంది అమ్మమ్మా" అంది. "ఇదివరకు కోపంగా చూసేది. ఇప్పుడు నేనెవరో తెలిసినట్టు చూస్తోంది."

 అత్త నా చెయ్యి వదిలేసింది.

పిల్ల అట్టను తిప్పి చూసింది. "ఇక్కడేంటి, ఖాళీగా ఉంది?"

"నువ్వు చెప్పేదాకా ఆపాం" అన్నాను.

పిల్ల బెంచీ మీద కూర్చుని, జేబులోంచి పెన్సిలు తీసి, అట్టను ఒళ్ళో పెట్టుకుంది. "మీ పేరు చెప్పండి, నేను రాస్తా."

అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఎవరో అడగ్గా ఆవిడ తన పేరు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఒక్కో అక్షరం విడదీసి, నెమ్మదిగా, ఎక్కడా తప్పు పోకుండా చెప్పింది. పిల్ల పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది. నేను ప్రూఫు దిద్దేదాన్ని కాబట్టి వెనకనుంచి వంగి చూశాను. దిద్దవలసింది ఏమీ లేదు.